జేబులో కుంపటి

స్వాన్సీ బస్టాండు వెనక సందులో గ్లెనిస్ దుకాణం.
అద్దం మీద సముద్రపు ఉప్పు పొర,
లోపల పుదీనా, మామిడి, మాడిన చక్కెర వాసన.
కౌంటరు మీద, ఒకప్పుడు వెనిగర్ ఉల్లిపాయలున్న సీసా.
ఇప్పుడందులో ఇసుక,
ఇసుకలో నడుము దాకా దిగి
పని అయిపోయిన బ్యాటరీలు.

నేను ఆఖరి బస్సు డ్రైవర్ని.
ముప్పై ఏళ్ల సిగరెట్టుని మార్చిలో వదిలి
ఈ గొట్టాన్ని పట్టుకున్నాను.
కాయిల్ మార్చమని అడగడానికి వెళ్తే
కాయిల్ సంగతి తర్వాత, ముందు బ్యాటరీ తియ్యమంది,
డాక్టరు నాలుక చాపమన్నట్టు.

"చొక్కా చిరిగింది, చూశావా?"
గోరంత చిరుగు.
గోరంతేగా అన్నాను.
కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చూసింది.
"ఒళ్లంతా ఒక కొస, నెత్తిన బొడిపె ఇంకో కొస.
రెండింటి మధ్యా గోడ ఈ తొడుగే, ఉల్లిపొరంత.
గోడ పడితే ఇరుగూ పొరుగూ ఏమవుతారో
నీకు చెప్పాలా, ఎమ్రిస్?"

చెప్పక్కర్లేదు.
డిపోలో గెథిన్ తొడ నేను చూశాను.
రెండు పౌండ్ల నాణెం, ఇంటి తాళంచెవి, విడి బ్యాటరీ
ఒకే జేబులో ముగ్గురూ ప్రయాణం చేశారు.
ఏడో స్టాపు దగ్గర బ్రేకు వేసి, తలుపు తెరిచి
ప్యాంటు విప్పుకుంటూ వానలోకి పరిగెత్తాడు.
ప్రయాణికులు మొదట నవ్వారట.
తాళంచెవి అచ్చు ఇంకా ఉంది,
ఏ తలుపుకీ పట్టదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
మాది పొగ కాదు, ఆవిరి అని
నేను అందరితో వాదించేవాణ్ణి.
నిప్పు లేదనుకున్నాను.
అది బొటనవేలంత డబ్బాలో ముడుచుకుని
నా తొడ పక్కనే పడుకుంది.

గ్లెనిస్ పాత తొడుగు ఒలిచింది,
కొత్త పసుపు తొడుగు తొడిగింది,
జుట్టారబెట్టే యంత్రం ఒక్క నిమిషం ఊదింది.
అది ఒంటికి అంటుకుంది, పసివాడి స్వెట్టర్లా.
నెత్తిన చిన్న తెల్ల ఉంగరం పోకుండా చూసుకోమంది.
సొట్ట పడితే మాత్రం నమ్మొద్దంది.
"ఇసుక సీసాకి తీసుకురా. చెత్తబుట్టలో వేస్తే
చెత్తబండివాడి ప్రాణం మీదికొస్తుంది."

నా మెషీన్‌లో పట్టేవి రెండు.
ఒకే రోజు కొన్నవి, ఒకేసారి చార్జి చెయ్యాలి,
ఒకేసారి అలిసిపోవాలి.
ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపితే
బలమున్నది బలం లేనిదాన్ని పీడిస్తుంది.
ఆమె ఇద్దరు మొగుళ్ల గురించి మాట్లాడుతోందా
అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.
అడగలేదు.

ఇంట్లో ఇప్పుడు చార్జరు వంటగదిలో,
పింగాణీ పళ్లెంలో.
దిండు పక్కన కాదు, సోఫా మీద కాదు,
నేను నిద్రపోయాక అసలే కాదు.
పచ్చ దీపం వెలిగేదాకా
కుర్చీలో కూర్చుని క్రాస్‌వర్డ్ నింపుతాను.
మనవరాలు వచ్చే ఆదివారాల్లో
ద్రవం సీసా పై అరలోకి, తాళం లోపలికి.
స్ట్రాబెర్రీ వాసనొస్తుంది కదా మరి.

ఎండాకాలం అంటే మా ఊళ్లో పదకొండు రోజులు.
ఆ పదకొండు రోజులూ కారు డాష్‌బోర్డు మీద
ఏదీ వదలను, టోపీ తప్ప.

నిన్న రాత్రి డిపోలో కొత్త కుర్రాడు లిబాన్
చిల్లర లెక్కపెట్టడానికి జేబు బోర్లించాడు.
నాణేలు, చూయింగ్ గమ్, తాళాలు,
వాటి మధ్య నీలంగా ఒకటి, విడిగా, దొర్లుతూ.
నా కప్పులో టీ ఒలికింది.
నా ప్లాస్టిక్ పెట్టె తీసి అతని ముందు పెట్టాను.
ఒళ్లో కుంపటి పెట్టుకుని బస్సు నడుపుతావా అన్నాను.
"మా అమ్మమ్మలా మాట్లాడుతున్నావు" అన్నాడు.
అన్నాడు గానీ పెట్టె మూత నొక్కాడు.

టక్.

ఆ చప్పుడు విన్నాకే
నేను బయటికెళ్లి, గోడకి ఆనుకుని,
సముద్రం వైపు ఒక మబ్బు వదిలాను.